కంప్యూటర్‌కు ప్యాకప్

సినిమా సెట్ల మీద సామాన్లు సర్దే పనిలో పదకొండేళ్లు గడిపిన హిమజకు ఒక్కటే వేదం: సాయంత్రం ప్యాకప్ చెప్పగానే ఎదురుగా ఏదీ కనిపించకూడదు. ఇప్పుడామె ఫిల్మ్‌నగర్‌లోని ఓ చిన్న ఆఫీసులో మొబైల్ యాప్ తయారు చేస్తోంది. పాత అలవాటు మాత్రం వెంటే వచ్చింది. ఇంటికెళ్లే ముందు తెర మీది విండోలను ఒక్కొక్కటే మూసేస్తుంది.

నిన్న మరీ శ్రద్ధగా మూసింది. ఇవాళ తెరిచి చూస్తే తెల్లటి పేజీ ఒక్కటే ఉంది. ఫైళ్ల జాబితా లేదు, తప్పులు చూపే గడి లేదు, యాప్‌ను ఆడించి చూసే నమూనా ఫోనూ లేదు. మూడింటికి బసవపున్నయ్య వస్తాడు. షూటింగులకు నలభై మంది జూనియర్ ఆర్టిస్టులను పంపేది ఆయనే. యాప్ పనిచేస్తే రేపటి పిలుపులు అందులోనే పంపుతానన్నాడు. లేదంటే ఎప్పటిలాగే నలభై మందీ తెల్లారకముందే అడ్డా మీద నిలబడి, తమను పిలుస్తారో లేదో అని ఎదురుచూడాల్సిందే.

"జెరూషా, మొత్తం పోయింది. రెండు నెలల పని నా చేత్తోనే ఊడ్చేసిన," అంది, పక్క సీట్లో కూర్చుని తనకు పని నేర్పే అమ్మాయితో.

జెరూష తొంగి చూసి పడీపడీ నవ్వింది. "ఏదీ పోలేదక్కా. నువ్వు తలుపులు మూశావంతే, సామానంతా లోపలే ఉంది. అంచుల్లో చిన్న బొమ్మలున్నాయి చూడు, ఒక్కోటి నొక్కు."

ఎడమవైపు నొక్కితే ఫైళ్లు వచ్చాయి. "గిది గోదాం," అంది హిమజ. కుడివైపు నమూనా ఫోన్. "గిది సెట్ మీది మానిటర్, షాట్ చూసుకునేది." కింద నొక్కితే, నిన్న మిగిలిపోయిన తప్పొకటి ఎర్రక్షరాల్లో లేచింది. "గిది డైరెక్టర్. తిట్టుడే పని." ఆ తిట్టు చదివి, ఏ వరుసలో పొరపాటుందో తానే వెతికి దిద్దింది. సాయం చేయబోయిన జెరూష చేతిని పక్కకు నెట్టేసింది. మొండిఘటం.

మూడింటికి బసవపున్నయ్య వచ్చి కూర్చున్నాడు. "ఏదమ్మా, పంపించు చూద్దాం," అన్నాడు. హిమజ యాప్ తెరిచి, నలభై పేర్లకూ రేపటి పిలుపు పంపింది. ముప్పై తొమ్మిది మంది నుంచి 'వస్తాం' అని జవాబులు టపటపా వచ్చి పడ్డాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

మిగిలిన ఒక్కరు రహమత్ నగర్ మల్లమ్మ. ఇరవై ఏళ్లుగా అడ్డాకు వస్తున్న మనిషి. సెట్ల మీది పాత పరిచయంతో ఆమె నేరుగా హిమజకే ఫోన్ చేసింది.

"రేపు పని పక్కానేనా బిడ్డా? పొద్దుగాల అడ్డా మీదికి రానక్కర లేదా?"

హిమజ రేపటి పిలుపులో మల్లమ్మ టైమ్ చూసుకుంది.

"అక్కర లేదు పెద్దమ్మా. ఎనిమిదింటికి సీదా షూటింగ్‌కే రా. ఆరింటిదాక మంచిగ పండుకో."