చెవి దగ్గర మంచు

“మొదటి సూదికే పాప ఒళ్లు కాలిపోయింది. రెండోది వేయించనంటే వేయించను.” కోడలు ఆ మాట అనడం పొద్దున్నుంచి అది మూడోసారి.

“ముప్పయ్యేళ్లుగా ఊరందరి పిల్లలకీ టీకాలు మోసే మనిషి ఇంట్లో వరస ఇదీ!” అంది అత్తగారు, గిన్నె ఠంగుమని పెడుతూ.

“ఫోన్లో వచ్చిన ఆ వీడియోలో, సూది వల్లే బిడ్డకి ఏదో అయిందని ఆవిడ ఎంతలా ఏడ్చిందో మీరు చూళ్లేదు అత్తయ్యా.”

“నన్ను మధ్యలోకి లాగకండి,” అన్నాడు కొడుకు, ఎవరూ లాగకముందే.

“మీరైనా చెప్పరేం?” అంది అత్తగారు, భర్త వైపు తిరిగి.

“నేను మోసేవాణ్ణి. డాక్టర్ని కాదు,” అని ఆయన, టీకాల పెట్టె పట్టీ ఒరుసుకోకుండా పాత దుప్పటి ముక్కతో కుట్టిన గుడ్డమెత్త భుజాన వేసుకుని బయలుదేరాడు. ఉద్యోగంలో అది ఆఖరి రోజు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆరోగ్యకేంద్రంలో టీకాల గదికి ఒకటే కిటికీ. ఫ్రీజర్‌లోంచి నాలుగు ఐస్‌ప్యాకులు తీసి బల్ల మీద పరిచి, వాటికి చెమట పట్టేదాకా పక్కనే నిలబడ్డాడు. రేపటినుంచి ఆ పని చేయాల్సిన కొత్తమ్మాయి గడియారం చూస్తోంది. వీధుల్లో ఆయన పేరు ఐసు బాబాయ్. పెట్టె చూసి పిల్లలు ఐస్‌క్రీమనుకుని పరిగెత్తుకొస్తారు. వెనకాల నర్సుని చూసి అంతకన్నా వేగంగా పారిపోతారు.

ఆయన మర్చిపోయిన కళ్లజోడు పట్టుకుని, పాపని ఎత్తుకుని కోడలు వచ్చేసరికి, ఒక ప్యాకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు.

“ఏంటి మామయ్యా, ఫోనా?”

“లోపల నీళ్ల చప్పుడు వినపడాలమ్మా. అప్పుడే పెట్టెలో పెట్టాలి. లేకపోతే మందు గడ్డకడుతుంది.”

“కడితే?”

“కరిగాక మామూలుగానే కనిపిస్తుంది. సరిగా పని చెయ్యదు.” ప్యాకు తుడిచి పక్కన పెట్టాడు. “ఒకసారి నేనే తొందరపడ్డాను. నలభై సీసాలు.”

“ఎవరు పట్టుకున్నారు?”

“ఎవరూ పట్టుకోలేదు. నేనే చెప్పాను. అన్నీ పారేశారు. నాకు మెమో ఇచ్చారు. ప్రమోషన్ పోయింది. నెల్లాళ్లు మీ అత్తయ్య నాతో మాట్లాడలేదు.”

“అత్తయ్య మాట్లాడలేదా!”

ఆయన ఇంకో ప్యాకు ఊపాడు. చప్పుడు లేదు. తిరిగి బల్ల మీద పెట్టాడు. పాప వేలితో దాని తడిని తాకింది. కోడలు వెళ్లకుండా అక్కడే నిలబడింది. పావుగంటకి నాలుగో ప్యాకులోనూ నీళ్లు కదిలాయి.

సాయంత్రం పెట్టె కడిగి, తుడిచి, కొత్తమ్మాయికి అప్పగించాడు. వాళ్లు టీ ఇచ్చారు. తాగి, చేతులూపుకుంటూ ఇంటికొచ్చాడు.

రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, తనూ కూర్చుంటూ కోడలు అంది: “రేపు పాపకి రెండో సూది వేయిస్తున్నాను. జ్వరం రావచ్చని నర్సు ముందే చెప్పింది. వచ్చింది, మర్నాటికి పోయింది. ఆ వీడియో ఆవిణ్ణి ఏమైనా అడుగుదామంటే ఎక్కడుంటుందో తెలీదు.”

“రేపు పెట్టె తెచ్చేది నేను కాదమ్మా.”

“తెలుసు మామయ్యా. ఊపి చూశావా అని ఆ అమ్మాయినే అడుగుతాను.”

అత్తగారు ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

టీకాల గదిలో, ఆరిన పెట్టె పక్కన మేకుకి ఆయన వదిలి వచ్చిన గుడ్డమెత్త వేలాడుతోంది. పట్టీ ఒరిసి ఒరిసి పడిన గాడి దాని మధ్యలో అలాగే ఉంది.