రెండు మీటర్ల లోపు

ప్రొజెక్టర్ మళ్ళీ ఆరిపోయింది. ఆ తీగ పీకి ఈ తీగ పెడుతూ పటాలమ్మ చెమటలు కక్కుతున్న వేళకే ఆమె వదిన హాలు గుమ్మంలో కనబడింది.

పటాలమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఏళ్ళ తరబడి ఆమె, ఇంకో ఇద్దరూ కలిసి ఒక కోడ్ కట్ట రాశారు. హద్దులు కలపడం, స్థలాలు కొలవడం, ఒక పటం మీద ఇంకో పటం పరచడం దాని పని. ప్రోగ్రామర్లు అలాంటిదాన్ని లైబ్రరీ అంటారు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఉచితంగా దొరికేదానికి లోకంలో గౌరవం తక్కువే గానీ, దీన్ని మాత్రం పెద్ద పెద్ద కంపెనీలు కిమ్మనకుండా వాడుకుంటున్నాయి. ఇవాళ ప్రమాణాల సంఘం సమావేశం. పటాల సాఫ్ట్‌వేర్ ఎవరు రాసినా పాటించాల్సిన నియమాలు తేల్చేది ఈ సంఘమే. ఆమె చూపించేది వాళ్ళకు నచ్చితే ఆమె లైబ్రరీ నియమాలే అందరికీ నియమాలవుతాయి.

"అమ్మాయ్, మీ అన్నయ్య పొద్దుట్నుంచి ఫోన్ చేస్తున్నాడు. ఎత్తవేం?" అంది వదిన.

"ఇప్పుడా వదినా? కాసేపట్లో నేను మాట్లాడాలి."

"మాట్లాడేది మనుషులతోనే కదా. మేమూ మనుషులమే. ముందు మాతో మాట్లాడు."

వదిన సంచులు కుడుతుంది. ఎన్ని కుడితే అంత కూలి. కుట్టుమిషను ఆపి పట్టపగలు ఇంత దూరం వచ్చిందంటే చిన్న సంగతి కాదని పటాలమ్మకు అర్థమైంది. అన్నయ్య ఫ్యాన్లు బాగు చేస్తాడు. రైలుకట్ట గోడకీ ఒక గోడౌనుకీ మధ్య ఇరుకులో వరసగా కట్టుకున్న గదుల్లో వాళ్ళదొకటి. ముందు కొట్టు, వెనక కాపురం. అన్నయ్య అడ్డంగా పడుకుంటే కాళ్ళు గోడకు తగులుతాయి. మా ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందేనని వదినే నవ్విస్తూ ఉంటుంది. ఇవాళ నవ్వలేదు.

"కొత్త పటంలో మా గదులు లేవంట. నగరం ఆఫీసులో గుమాస్తా కంప్యూటర్ ఇటు తిప్పి చూపించాడు. గోడౌన్ గీత సరాసరి రైలు గోడ దాకా పోయింది. 'మీ ఇల్లెక్కడుందమ్మా, ఇదంతా వాళ్ళదే' అన్నాడు. రేపు పొద్దున వచ్చి కూలగొడతారంట."

"పాత కాగితాలు చూపించలేదా?"

"చూపించాం. పటం చెప్పిందే మాట అన్నాడు. నువ్వు పటాల్లోనే ఉంటావు కదా, ఆ రాసినోళ్ళెవరో నీకు తెలిసే ఉంటారు. కాస్త గట్టిగా అడుగు. వాళ్ళకీ అక్కాచెల్లెళ్ళు ఉండరా ఏంటి?"

పటాలమ్మ లాప్‌టాప్‌లో నగర పటం తెరిచింది. పటం కింద సన్నటి అక్షరాల్లో తన లైబ్రరీ పేరు ఉంది. ఇంక వెతకాల్సిన పని లేకపోయింది.

పాత పటం మీద కొత్త సర్వే పరిచినప్పుడు గీతలు అచ్చంగా కలవవు. మధ్య మధ్య ఏ స్థలంలోనూ చేరని సన్నటి పీలికలు మిగులుతాయి. వాటిలో చాలావరకు కొలతల్లో తేడాలే. అవి చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని కంపెనీలు సణిగితే, రెండు మీటర్ల లోపు వెడల్పు ఉన్న ప్రతి పీలికనూ పక్కనున్న పెద్ద స్థలంలో కలిపెయ్యమని ఆమే రాసింది. ఎవరూ అడగకపోయినా అది దానంతటదే జరిగిపోతుంది. అప్పట్లో ఎక్కడినుంచో ఒకతను రాశాడు, మా దగ్గర ఇంత సన్నటి చోట్లలోనే జనం బతుకుతారండీ అని. అక్కర్లేకపోతే ఆ నియమాన్ని ఆపుకోవచ్చు అని ఒక్క ముక్క జవాబిచ్చి ఆ చర్చ మూసేసింది. ఆ ముక్క రాస్తున్నప్పుడు కూడా ఆమెకు అన్నయ్య గది గుర్తు రాలేదు. అందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"చూస్తాను వదినా. వెనకాల కూర్చో" అంది, తేలు కుట్టిన దొంగలా.

లైబ్రరీకి డబ్బిచ్చే కంపెనీ మనిషి ముందు వరసలో ఉన్నాడు. ఆఫీసులో ఆయన్ని చాటుగా దాతగారంటారు. ఆమె ఆయన పక్కన వంగి సంగతి చెప్పింది.

"అయ్యో" అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. "మీ అన్నగారి విషయం నగరం ఆఫీసుకి ఉత్తరం రాద్దాం మేడమ్. ఇవాళ మాత్రం ఆ మాట ఎత్తకండి. ఆ నియమం ఉందనే కదా మావాళ్ళు మీ లైబ్రరీ తీసుకున్నది? పైగా ఆపుకోవచ్చని మీరే రాశారు."

"ఆపుకోవచ్చని గుమాస్తాకి తెలుసా సార్?"

"అది గుమాస్తా చూసుకోవాలి. ఇవాళ ఇది నెగ్గకపోతే వచ్చే ఏడాది మీ ముగ్గురి జీతాలకీ మావాళ్ళు ఒప్పుకోరు. మిగతా ఇద్దరి సంగతి కూడా ఆలోచించండి."

ఆమె ఆలోచించింది. ఆ ఇద్దరిలో ఒకామెకు నెలలు నిండుతున్నాయి. ఈలోగా ఎవరో ప్రొజెక్టర్ వెలిగించారు. పటాలమ్మ వేదిక ఎక్కేసరికి ఊరుకుందామనే నిర్ణయించుకుంది. తర్వాత ఉత్తరం రాయవచ్చు, నగరం ఆఫీసుకు తానే వెళ్ళవచ్చు అనుకుంది. తప్పు చేసినవాళ్ళకు తర్వాత అన్న మాట చాలా ఆదుకుంటుంది.

"ఈ లైబ్రరీ తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి" అని మొదలుపెట్టింది. ఎన్నో సభల్లో చెప్పిన వాక్యమే. చివరి వరసలో వదిన మెడ సాచి, పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా చేతిసంచి ఒళ్ళోనే పెట్టుకుని, అర్థం కాని మాటలన్నీ శ్రద్ధగా వింటోంది. ఆడపడుచు తమ గురించే మాట్లాడుతోందని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని చూస్తూ మాట్లాడటం పటాలమ్మ వల్ల కాలేదు.

పీలికల నియమం దగ్గరికొచ్చి ఆగిపోయింది. నగర పటం తెర మీద పెట్టింది. "ఇది నియమం పనిచేశాక" అంది. తర్వాత ఆ నియమాన్ని ఆపి పటం మళ్ళీ గీయించింది. గోడౌన్ గీత వెనక్కి జరిగింది. రైలు గోడ పక్కన సన్నటి గదుల వరస బయటపడింది.

"వీటిలో మనుషులున్నారు. ఈ నియమం రాసింది నేనే. వద్దని ఒకతను చెప్పినా వినలేదు. దీన్ని ప్రమాణంలో పెట్టడానికి నేను ఒప్పుకోను."

దాతగారు ఫోన్ పట్టుకుని బయటికి నడిచాడు. సంఘం అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ లైబ్రరీ, మీ నియమం. అభ్యంతరం కూడా మీదేనా మేడమ్?"

"నాదేనండి. రాసుకోండి."

చివరి వరసలో వదిన లేచి నిలబడింది. తెర వంక చూసింది, ఆడపడుచు వంక చూసింది.

"నువ్వా?" అంది.

పటాలమ్మ తల ఊపింది.

"వీళ్ళకి చెప్పావు, బాగుంది. రేపు పొద్దున వాళ్ళు యంత్రం వేసుకుని వస్తారు. మీ అన్నయ్య పక్కన నిలబడి ఈ మాటే అక్కడ చెప్తావా?"

బయటివాళ్ళు సభలో మాట్లాడకూడదని, దయచేసి కూర్చోమని అధ్యక్షుడు అన్నాడు.

వదిన కూర్చోలేదు.