కొవ్వెక్కింది ఎవరికి?

ఉదయగిరిలో రామసుబ్బమ్మ ఇంటి ముందు కారు సిద్ధంగా ఉంది. కోడలు అశ్వితను జలదంకిలోని పుట్టింటికి పంపుతున్నారు. అయిదో నెలలో గర్భం పోయి ఇంకా పక్షం తిరగలేదు. విశ్రాంతికని భర్త నవీన్ నలుగురికీ చెబుతున్నాడు గానీ, మళ్ళీ తీసుకొస్తామన్న మాట ఎవరి నోటా రాలేదు.

కడుపుకోత ఒక ఎత్తు, అత్త మాట ఒక ఎత్తు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ రామసుబ్బమ్మ ఒకటే చెప్పింది: "కొవ్వెక్కి తిరిగిందమ్మా. కుదురుగా కూర్చోనుంటే నిలిచుండేది."

ఎక్కడ తిరిగిందయ్యా ఆ పిల్ల? ఈ ఇంట్లో వేరుశనక్కాయలు పోసిన గదిలో ఎలుకల కోసం పిల్లిని పెంచుతారు. ఆ పిల్లి పెంట ఎత్తిపోసింది ఈ కోడలే, ఎత్తించింది ఆ అత్తే. కడుపు పండితే వంశం గొప్ప, పోతే ఆడదాని తప్పు! ఇదెక్కడి న్యాయమో చదివే మీరే చెప్పండి.

అప్పుడే నవీన్ అక్క సుస్మిత హైదరాబాదు నుంచి దిగింది. ఆమె పరాన్నజీవుల మీద పరిశోధన చేస్తుంది. ఆత్మకూరు డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి చెప్పినదంతా అశ్విత ఫోన్‌లో ఆమెకు చెప్పుకుంది. ఈ ఇంట్లో ఆ మాట చెవిన పెట్టినవాళ్ళు లేరు.

సుస్మిత తన ఫోన్ తల్లి చేతిలో పెట్టింది. తెర మీద పచ్చగా మెరిసే చుక్కలు.

"ఏందే ఇది?"

"అశ్వితకు సోకిన క్రిమి ఇట్లాంటిదే అమ్మా. పిల్లి పెంటలో ఉంటాది, చేతికంటి కడుపులోకి పోతాది, లోపలుండే బిడ్డను తీస్తాది. మేము కొవ్వుకు మెరిసే రంగు తగిలించి మనిషి కణానికి మేతగా పెడతాము. ఈ క్రిమి ఆ కొవ్వు దొంగిలించి బలస్తా ఉంటే ఇట్టా చుక్కలుగా మెరస్తాది, కనిపెడతాము. ఎట్ట దొంగిలిస్తాదో తెలిస్తే ఆపే మందు దొరకతాదని మా పాట్లు. కొవ్వెక్కింది దీనికి, నీ కోడలికి కాదు!"

రామసుబ్బమ్మ ముఖం పాలిపోయింది. "నాకేం తెలుసే..."

"తెలవనప్పుడు నోరు మూసుకోవాల. డాక్టరమ్మ మాట ఇనకుండా బిడ్డ పోయినదాని మీద నింద ఏస్తావా?"

నవీన్ తల వంచుకుని కారులోంచి సంచి దించాడు. "లోపలికి రా" అన్నాడు. అశ్విత కదల్లేదు.

"అత్తా, నన్ను ఊరంతా అన్నారు. ఇప్పుడు ఈ మాట గూడా ఊరంతా చెప్పండి. చెప్పినాకే గడప తొక్కుతాను."

రామసుబ్బమ్మ కొంగు సర్దుకుని పక్కింటి గేటు తీసింది. "ఆదిశేషమ్మా, నా కోడల్ని నేను అన్నది తప్పు" అన్న గొంతు వీధిలోకి వినిపించింది.

గర్భం పోయిన ఆడదానికి వైద్యం చేయించండి, పక్కన కూర్చోండి. ఆమె మీద తీర్పు చెప్పే హక్కు అత్తకూ లేదు, ఊరికీ లేదు.