గ్రోత్ మందు

నాగమణి మజ్జిగలో ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి, వాకిలి వైపు ఒకసారి తొంగి చూసింది. ఎవరూ లేరు. కొంగు చాటున దాచిన సీసా తీసి, ఒక్క మూతెడు గ్లాసులో కలిపింది. దేవుడికి దండం పెట్టుకుని గ్లాసును మంచం పక్కన ఉంచింది.

మంచం మీద భర్త వెంకటేశ్వర్లు పడుకుని ఉన్నాడు. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. రెడ్డిగూడెం తోటల్లో మామిడి కొమ్మలు కత్తిరించడంలో అతన్ని మించినవాడు లేడు. పొద్దుగూకితే మందు కొట్టడంలోనూ అంతే.

"మజ్జిగ తాగు మావా," అని చెప్పి తోటకు వెళ్ళింది.

ఆ సీసా ఎక్కడిదంటారా? ముందురోజు నూజివీడు ఆసుపత్రిలో డాక్టర్ రేచల్ గబగబా చెప్పింది: "మందు మానెయ్యాలి. లివర్ మళ్ళీ పెరుగుతుంది. గ్రోత్ ఫ్యాక్టర్స్ సరిగ్గా పనిచేస్తే కోలుకుంటాడు. అర్థమైందా?"

నాగమణి తల ఊపింది. డాక్టరు ముందు తల ఊపడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య కదా! అడిగితే కసురుకుంటుందేమోనని భయం. ఆమెకు తెలిసిన గ్రోత్ ఒక్కటే. కాపు అయ్యాక, కొమ్మలు కత్తిరించిన చెట్లు చిగురు వేయాలని తోటలో కొట్టే మందు. మోడుకు చిగురు తెప్పించేది మనిషి కాలేయాన్ని పెంచదా? అలా అనుకుని తోటలోని మందుల షెడ్డులోంచి సీసా తెచ్చుకుంది.

తోటలో మేస్త్రి గోవిందమ్మ మందు కొట్టేవాళ్ళ మీద అరుస్తోంది. "మొహాలకి గుడ్డలు కట్టుకోండ్రా! లోపలికెళ్తే మనిషి దక్కడు!"

"ఏం మందు పిన్నీ అది?" అడిగింది నాగమణి.

"గ్రోత్ మందే. విషం కాక అమృతమేంటే?"

నాగమణి చేతిలో కొడవలి జారిపోయింది. గట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది. తన తాళి తన చేత్తోనే తెంపుకుందా? పిల్లలు అడిగితే ఏం చెబుతుంది? ఇల్లు ఎంత దగ్గరైనా ఆ దారి తరగలేదు.

గ్లాసు ఖాళీగా ఉంది. మంచమూ ఖాళీగా ఉంది.

"మావా!" అని కేక పెట్టింది.

పెరట్లో గోడకు ఆనుకుని కూర్చున్న వెంకటేశ్వర్లు ఉలిక్కిపడ్డాడు. "ఏంటే ఆ అరుపు?"

"మజ్జిగ తాగావా?"

"నోటి దగ్గర పెడితే పురుగుమందుల కొట్టు వాసన. పారబోశా. ఏం కలిపావే అందులో?"

నాగమణి అక్కడే కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే అతన్ని వెంటబెట్టుకుని, సీసాతో సహా డాక్టరు దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పేసింది. రేచల్ ముఖం పాలిపోయింది.

"అమ్మా, గ్రోత్ ఫ్యాక్టర్ సీసాలో దొరికేది కాదు, ఒంట్లోనే పుడుతుంది. లివర్ దెబ్బతింటే, మిగిలిన కణాలకి 'పెరగండి, ఒకటి రెండవ్వండి' అని శరీరం పంపే కబురు అది. రోజూ సారా పోస్తే లివర్ మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అప్పుడు కబురు వచ్చినా పలికే కణాలు ఉండవు. ఈయనకి ఇంకా ఎంత మిగిలిందో పరీక్షలు చేస్తే గానీ చెప్పలేను."

వెంకటేశ్వర్లు భయంగా పొట్ట తడుముకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ కబురు గొంతు నొక్కింది తానేనని అతనికి అప్పుడు తెలిసింది.

"ఈ మాట నిన్ననే చెప్తే బాగుండేది కదండీ," అంది నాగమణి మెల్లగా.

"మీరు తల ఊపారు. అర్థమైందనుకున్నాను. తప్పు నాదేనమ్మా." రేచల్ ఆ సీసా చేతిలోకి తీసుకుంది. "తాగేదీ మందే, చెట్లకి కొట్టేదీ మందే, మేం రాసిచ్చేదీ మందే. ఏది ఏదో తెలియకపోతే మళ్ళీ అడగండి. విసుక్కున్నా సరే, అడగండి. డాక్టరు కసిరితే కాసేపే బాధ. అడగకపోతే మనిషే పోతాడు."