గోడ దాటిన కలి

మంథనికి ఇవతల, గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో లింగవ్వ ఇంటి అంబలి తాగనివాళ్లు లేరు. ఎండాకాలం ఎవరైనా దారిన పోతూ ఆమె కంటబడ్డారో, చెంబెడు అంబలి తాగందే కదలనిచ్చేది కాదు. వద్దన్నవాళ్లకు తిట్లు కూడా కలిపి పోసేది. అంతటి మనిషి ఆ ఏడు ఎండలు ముదిరాక రక్త విరేచనాలతో మంచం పట్టింది. చూస్తుండగానే ఎముకల గూడైపోయింది.

కోడలు బాలలక్ష్మికి కాళ్లూ చేతులూ ఆడలేదు. పాలపళ్లు కూడా పూర్తిగా ఊడని వయసులో పెళ్లయి ఈ ఇంటికొచ్చిన పిల్ల ఆమె. తల దువ్వి, అన్నం కలిపి పెట్టి, భయమేస్తే పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది లింగవ్వే. ఈ అత్త లేని ఇల్లు ఎలా ఉంటుందో బాలలక్ష్మి ఊహకు కూడా అందలేదు.

కొడుకు అంతయ్య తల్లిని బండి మీద మంథని దవాఖానకు తీసుకుపోయి, నాలుగు రోజులు అక్కడే ఉంచాడు. రక్తం పడటం ఆగింది. పంపించేటప్పుడు డాక్టరు ఒక్కటే గట్టిగా చెప్పాడు.

"మందు చేసే పని మందు చేసింది. ఇగ కడుపు నిలబడాలె. పాలు పొయ్యకుండ్రి, అరగయి. పలుచటి సల్లనో, పులిసిన కలితోని కాసిన అంబలో జరంత జరంత తాపుండ్రి. ఆ పులుపు కడుపుకు మంచిది. కాని పులుపు వేరు, కుళ్లు వేరు. బూజు పట్టినా, వాసన తేడా కొట్టినా పారబొయ్యిండ్రి. కుండ మీద ఈగ వాలనియ్యద్దు."

అంతయ్య ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే బాలలక్ష్మి మొహం పాలిపోయింది. బర్రె వట్టిపోయి నెల దాటింది, గడ్డి లేని ఆ ఎండల్లో ఊళ్లోనూ పాడి లేదు కాబట్టి మజ్జిగ మాట లేదు. ఇక మిగిలింది కలి. ఆ కలిని నిన్ననే తన చేతులతో పెంటకుప్ప మీద పారబోసింది.

నిన్న సూర్యగ్రహణం. బియ్యం కడిగిన నీళ్లూ, గంజీ రోజూ పోస్తూ పులియబెట్టుకునే కలికుండలో, గ్రహణం పట్టకముందే గరికపోచ వేయాలి. వేయకపోతే గ్రహణం విడిచాక ఆ కలి పనికిరాదని ఆ ఊరి కట్టడి. ఆ ఎండలకు గట్ల మీద గరిక అన్నది మచ్చుకైనా మిగల్లేదు. ఊరు ఊరంతా కలి పారబోసింది. అత్త లేనప్పుడు ఇల్లు పద్ధతిగా నడుపుతున్నానన్న సంబరంలో బాలలక్ష్మి ఇంకో అడుగు ముందుకేసి, కుండ కూడా పగలగొట్టింది.

కొత్త కుండలో గంజి పోసి పెట్టింది. అది సరైన పులుపు ఎక్కాలంటే రోజులు పడుతుంది. సగం పులిసిన దాన్ని, డాక్టరు అంతగా చెప్పాక, ఆ కడుపులో పోసే ధైర్యం ఆమెకు లేదు. వట్టి గంజి తాపితే లింగవ్వ తాగింది తాగినట్టే కక్కేసి, కళ్లు తేలేసింది.

బాలలక్ష్మి చెంబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. చివరింటి బుచ్చవ్వ తలుపు దగ్గరే నిలబడి చేతులు తిప్పింది.

"గ్రహణం ఇడిసినంక ఎవలింట్ల ఉంటది బిడ్డా కలి. అందరం పారబోస్తిమి గదా."

గ్రహణం పట్టింపు లేని ఇల్లు ఒకటుంది. తమ పెరటి గోడకు అవతల, గిన్నెలకు కళాయి పూసే బాబు మియా ఇల్లు. అతని భార్య ఖుద్సియా కూడా జొన్న అంబలే కాస్తుంది. కానీ ఆ ఇంటి నుంచి వీళ్లు పండ్లు తీసుకునేవారు తప్ప, తడి పదార్థం ముట్టేవారు కాదు. అత్త తాగుతుందా? తాగాక తెలిస్తే తనను క్షమిస్తుందా? బాలలక్ష్మి ఖాళీ చెంబుతో గోడ దగ్గర నిలబడిపోయింది.

ఖుద్సియానే చూసి పలకరించింది. "ఏమాయె బిడ్డా, లింగవ్వక్కకు ఎట్లున్నది?"

అడగకూడదనుకున్నదంతా బాలలక్ష్మి నోటి నుంచి ఏడుపుతో కలిసి వచ్చేసింది. ఖుద్సియా లోపలికి పోయి, గుడ్డ కట్టిన కుండ తెచ్చింది. గుడ్డ విప్పి వాసన చూసింది, బాలలక్ష్మికీ చూపించింది. శుభ్రమైన పుల్లటి వాసన, అందులో సన్నగా వాము ఘాటు, పైన తేట, అడుగున కూర్చున్న తెల్లటి మడ్డి.

"మంచిగున్నది, ఫికర్ జెయ్యకు. గిది మీ అత్త కలే," అంది.

"మా అత్త కలి మీ ఇంటికెట్ల వచ్చె?" అని అడిగింది బాలలక్ష్మి.

"పోలీసు యాక్షన్ ఏడు, నిజాం పోయినప్పుడు, మేం భయానికి తలుపేసుకొని కూసున్నం. ఇంట్ల గింజ లేదు, నేనేమో నిండు చూలాలిని. మీ అత్త ఎవల మాటా ఇనకుంట గీ గోడ మీదికెల్లి దినాము అంబలి అందిచ్చింది. ఒకనాడు కలి గూడ ఇచ్చి, నీ కుండ నువ్వే పెట్టుకో, మళ్ల ఎవల్నీ అడిగే అక్కర రాదు అన్నది. అప్పటి సంది గా కుండ నేను ఎండనియ్యలే. నా బిడ్డ గా అంబలి మీదనే పుట్టింది."

బాలలక్ష్మి చెంబును రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చింది. జొన్నపిండి కలిపి, బాగా ఉడికించి, చల్లార్చింది. అత్తను ఒళ్లోకి ఎత్తుకుంది. దాచిపెట్టి తాపడానికి మనసొప్పలేదు.

"అత్తా, ఇది ఖుద్సియమ్మ ఇచ్చిన కలి. తాగుతవా?"

లింగవ్వ కళ్లు తెరిచింది. కోడలి మొహంలోకి చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఒక గుక్క మింగి, ఆగి, ఇంకో గుక్క మింగింది.

"కలిల ఓమ ఏసే నా అలవాటు గూడ ఇడువలే ఖుద్సియా," అంది సన్నగా. "ఇంకింత పొయ్యి."

ఆ అంబలి కడుపులో నిలిచింది. పొద్దుగూకేలోపు లింగవ్వ మళ్లీ అడిగింది. మర్నాడు గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ మర్నాడు కోడలిని తిట్టింది. చూరులో గరికపోచ దాచి ఉంచానని, కాస్త వెతికితే చేతులు అరిగేవా అని. ఆ తిట్లు వింటూ బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంది. ఏ దేవుడికి మొక్కుకోవాలో తెలియక, గోడవైపు తిరిగి దండం పెట్టుకుంది.

సంగతి ఊళ్లో దాగలేదు. వారం తిరగకుండా బుచ్చవ్వ, ఆమె వెనక ఇంకో నలుగురు, తమ కుండలు ఇంకా పులుపెక్కలేదని, తోడుకు కలి అడుగుతూ చెంబులతో లింగవ్వ వాకిట్లోకి వచ్చారు.

"నన్నెందుకు అడుగుతరు? గోడకు అవుతల అడుగుండ్రి," అంది లింగవ్వ మంచం మీది నుంచే. "గది ఇప్పుడు ఆమె కలి."

చెంబు చంకన పెట్టుకుని బుచ్చవ్వే ముందు కదిలింది. గోడకు అవతల చెంబులు నిండుతున్న చప్పుడు వినబడింది.

లింగవ్వ ఆ చప్పుడు వింటూ ఉండి, కోడలిని కేకేసింది.

"బాలలక్ష్మీ, జర పోయి చూసి రా బిడ్డా. గా పిచ్చిది అందరికీ పోసి, అడుగున తనకింత ఉంచుకున్నదో లేదో."