పొలిమేరలో పాతిన పొన్నుకర్ర

నేను ఒక పొన్నుకర్రను. కొండమీది తునికి చెట్టు కొమ్మను కోసి, మంట మీద కాచి తిన్నగా చేసి, వెండి పొన్ను తొడిగి నన్ను పోతయ్య చేతికిచ్చారు. పోతయ్య గండివానిపాలెం అనే జాలరి ఊరికి పెద్ద. అక్కడ మూడేళ్లకోసారి అమ్మవారి సంబరం జరుగుతుంది. ఆ అయిదు రోజులూ ఊరికి కట్టు. పెద్ద నన్ను పొలిమేర దారిలో పాతితే, మళ్లీ పెరికేదాకా ఎవరూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు, పడవ కూడా కదలకూడదు.

ఒకసారి కట్టు మధ్యలో పైడమ్మ అనే ఆమెకు నొప్పులొచ్చి బిడ్డ అడ్డం తిరిగింది. పోతయ్య క్షణం ఆలోచించలేదు. నన్ను పెరికి చంకన పెట్టుకుని, ఆమె మంచానికి తానే ఒక కొస పట్టి పొలిమేర దాటించాడు. "అమ్మోరు మాత్రం తల్లి కాదేటి?" అన్నాడు. ఆ బిడ్డ బతికాడు. తాతారావు అని పేరు పెట్టారు.

పోతయ్య తర్వాత మనవడు బైరాగి చేతికొచ్చాను. బైరాగి చదువుకున్నవాడు, మాటకారి. ప్రతి సభలో "మన సంప్రదాయం" అంటూ నన్ను పైకెత్తేవాడు. ఒక ఏడు సంబరానికి పార్టీ నాయకులు వస్తున్నారు. కట్టు విప్పిన రోజున వాళ్లకు స్వాగతం. ఊరు బైరాగి మాట మీద ఎంత గట్టిగా నిలబడుతుందో వాళ్లకు తెలియాలి.

మూడోరోజు పొద్దున తాతారావు భార్య నూకాలుకు నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి రక్తం పోవడం మొదలై ఆగలేదు. అంబులెన్సు వచ్చి నాకు అవతల ఆగింది. ఇవతల మంచం మీద నూకాలు. మధ్యలో నేను. బైరాగి వెనక నలభై మంది మగవాళ్లు.

పైడమ్మ బైరాగి కాళ్ల మీద పడింది. "నీ తాత నా కోసం కర్ర పెరికినాడురా, నాయినా. ఈ తాతారావు అప్పుడు పుట్టినోడే."

"తాత తప్పు సేసినాడు పిన్నీ. ఆ యేడు వలలు కాళీగా రానేదా? ఆచారం ముందు నువ్వూ నేనూ ఒకటే."

ఆ ఏడు వలలు చిరిగిపోయేటంత చేప పడింది. అది ఆ నలభై మందిలో ముసలివాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. తాతారావు నన్ను పెరకబోతే నలుగురు కలిసి ఇసకలో అదిమిపట్టారు. నాకు కాళ్లు లేవు, పక్కకు తప్పుకోవడానికి. ఎండ వాలకముందే నూకాలు మూలుగు ఆగిపోయింది. కడుపులో బిడ్డ కదలిక కూడా.

అప్పుడు బైరాగి గబగబా నా దగ్గరికి వచ్చాడు. కట్టులో శవం ఊళ్లో ఉంటే అమ్మవారికి మైలట. రెండు చేతులతో నన్ను పెరికి, "తొరగా దాటించండి" అన్నాడు. అదీ ఆచారమే. బతికున్న మనిషికి అంగుళం కదలని నేను, శవానికి దారి ఇచ్చాను.

తాతారావు కేసు పెట్టాడు. పోలీసులు నన్ను సాక్ష్యంగా పట్టుకుపోయి, మెడకు చీటీ కట్టి కోర్టు గదిలో పడేశారు. విచారణ మూడేళ్లు సాగింది. ప్లీడరు నన్ను చూపించి, ఆ రోజు దారి ఆపింది ఎవరని సాక్షులను ఒక్కొక్కరినే అడిగాడు. "ఎవులూ కాదండి, మా ఆచారం" అన్నారు అందరూ, ఒకరి తర్వాత ఒకరు.

చివర్న పైడమ్మ బోనెక్కింది. "ఆచారానికి సేతులుంటాయేటి బాబూ? కర్ర పాతింది బైరాగి. దారి ఒగ్గమంటే ఒగ్గనిదీ ఆడే" అంది.

కోడలిని పోగొట్టుకున్న బాధలో ఉన్న మనిషి, ఒక్కతి మాట చాలదన్నారు. కేసు కొట్టేశారు. పట్టుకున్న వస్తువును సొంతదారుకు అప్పగించమని కాగితం రాశారు.

ఇవాళ బైరాగి వచ్చి సంతకం పెట్టాడు. చీటీ తెంపి, పొన్ను మీది దుమ్మును కండువాతో తుడిచి, నన్ను చేతిలోకి తీసుకున్నాడు. వచ్చే నెలలో సంబరం.