సైకిల్‌ను లేపొద్దు

కొండల్‌ను కారు గుద్దడం నేను చూశాను. అతని వెనకే, ఇరవై అడుగుల దూరంలో నా సైకిల్ మీద నేనున్నాను. పొద్దున ఎనిమిదికి పది నిమిషాలుంది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. పగటి పాళీ వాళ్లు కార్ఖానాలకు పోయే ఆ వేళకు బైపాస్ రోడ్డంతా సైకిళ్లే. తెల్ల కారొకటి పక్కకు కోసుకొచ్చి కొండల్‌ను వెనక నుంచి కొట్టింది. నడిపేవాడి చెవి దగ్గర ఫోన్ ఉంది. ఆ నడిపేవాడు మా కార్ఖానా యజమాని ఓంప్రకాశ్ సేటు.

ఇంత చూసిన నేను గంట తర్వాత దవాఖాన చీటీ మీద ఏం రాయించానో తెలుసా? ‘సైకిల్ మీది నుంచి జారి పడ్డాడు’ అని.

నా పేరు అంబదాస్. మరమగ్గాల కార్మిక సంఘానికి పన్నెండేళ్లుగా కార్యదర్శిని. మేడే నాడు జెండా ఎగరేసేది నేనే, గొంతు చించుకొని ఉపన్యాసం ఇచ్చేదీ నేనే. కాలేజీ పిల్లలకు, సాంచాల మీద నిలబడే తమ్ముళ్లకు ఈ సంగతి చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు. అయినా చెప్పాలి.

కొండల్ కింద పడగానే అన్న మొదటి మాట "ఏం గాలే." మా దగ్గర రోడ్డు మీద పడ్డ సైకిలాయన ఎవరైనా అదే అంటాడు. నెత్తురు కారుతున్నా అదే మాట. పాళీకి ఆలస్యమైతే అతని సాంచాలను ఇంకొకరికి అప్పజెప్తారు మరి. కొండల్ లేవబోయాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది.

ఇక మా సంగతి. పోగు తెగితే మా చేతులు ఆగవు. ఏం తెగిందో కన్ను చూసేలోపే వేళ్లు ముడి వేసేస్తాయి. బట్ట ముందుకు పోతే తెగినట్టే కనపడదు. ఆ పొద్దు రోడ్డు మీద కూడా అదే పని చేశాం. హనుమండ్లు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకొని హ్యాండిల్ సాపు చేశాడు. పరశురాములు సీసాలో నీళ్లు పోసి నెత్తురు కడిగాడు. ఇంకొకరు జారిన చైన్ ఎక్కించారు. నేను సైకిల్‌ను లేపి కరెంటు స్తంభానికి ఆనించాను. రెండు నిమిషాల్లో అక్కడ ఏమీ జరగనట్టు చేసి పెట్టాం. సేటు పనిని మేమే చేశాం, అదీ కూలి లేకుండా.

సేటు కారు దిగి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"దాసూ, నా కార్లనే దవాఖానకు తీస్కపోదాం. పోలీసు కేసు గిట్ల అయిందనుకో, కార్ఖానకు తాళం పడ్తది. నలభై మంది పరేషాన్ అయితరు. నువ్వు పెద్దమనిషివి. నీకు నేను చెప్పాల్నా?"

పెద్దమనిషివి అన్నాడు. నేను ఉబ్బిపోయాను. రాజీలు కుదర్చడంలో నాకు ఊళ్లో పేరుంది. ఇదీ కుదురుస్తాననుకున్నాను. దవాఖానలో "ఎట్లయింది?" అని అడిగితే కొండల్ నా ముఖంలోకి చూశాడు. "జారి పడ్డడు సార్," అన్నాను. కొండల్ కళ్లు గోడ వైపు తిప్పుకున్నాడు. అటు తర్వాత నాతో మాట్లాడలేదు.

నరం దెబ్బతిన్నదనీ, బొటనవేలికి మునుపటి పట్టు రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. ముడి వెయ్యలేనివాడికి సాంచాల దగ్గర ఏం పని? సేటు ఒకసారి పండ్లు పట్టుకొని వచ్చాడు. వారం తిరక్కుండా కొండల్ సాంచాలను వేరేవాళ్లకు అప్పగించాడు. ఎవరైనా అడిగితే, తాగి పడ్డవాడికి నేనేం చెయ్యాలన్నాడట.

కొండల్ భార్య సత్తమ్మ అదే కార్ఖానాలో కండెలకు నూలు చుడుతుంది. ఒక సాయంత్రం సంఘం ఆఫీసుకు వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, మా ఆయన తాగి పడ్డడట గదా?"

"ఎవలన్నరు చెల్లె?"

"అందరు అంటుండ్రు. నువ్వు రాయించిన చీటినే సేటు చూపిస్తుండు. నువ్వు ఆయన ఎనకనే ఉంటివి. ఒక్క మాట చెప్పు. తాగిండా?"

"లేదు."

"మరి జారిండా?"

సత్తమ్మ కొంగు ముడి విప్పి చీటీ నకలు తీసింది.

"చెయ్యి పోతే పోయింది, నేను కండెలు చుట్టి సాదుకుంట. ఉన్న ఒక్క మంచి పేరు సుత తీసేస్తిరి గదనే. సేటు తీసిండంటే సేటని అనుకుంట. నువ్వు తీసినవు," అంది. ఆ నకలును నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ ఆఫీసు గోడ మీద ‘దోపిడీ నశించాలి’ అని ఎర్ర రంగుతో రాసింది నేనే. ఆ గోడకు ముఖం చూపించలేక లైటు ఆర్పేసి ఇంటికి పోయాను.

కొండల్ సైకిల్‌ను బాగు చెయ్యమని సత్తార్ భాయ్ దుకాణంలో వేసింది కూడా నేనే. మర్నాడు పోతే అది వేసినట్టే ఉంది.

"ఇంక చెయ్యలేదా భాయ్?"

"నేను చెయ్య. జర ఇటు చూడు. జారి పడ్డ సైకిల్‌కు పెడల్ ఒంగుతది, హ్యాండిల్ ఒంగుతది. ఎనక రిమ్ము ఎట్ల ఒంగుతది? మడ్గార్డ్ మీద గీ తెల్ల పెయింట్ ఎక్కడిది? ముప్పై ఏండ్ల సంది సైకిళ్లు బాగు చేస్తున్న. గిది బాగు చేస్తే నేను సుత అబద్ధం చెప్పినట్టే," అన్నాడు.

‘నేను సుత’ అన్న మాట నాకు సూటిగా తగిలింది. సత్తార్ బిడ్డ లైబా కరీంనగర్‌లో లా చదువుతుంది, సెలవులకు వచ్చి ఉంది. ఆ పిల్ల లోపలి నుంచి వచ్చి స్టూలు వేసింది.

"అంకుల్, ఇప్పుడు సుత కేసు పెట్టొచ్చు. ఠాణాల ఫిర్యాదు కాయిదం ఇయ్యాలె. చూసినోళ్లు సాక్ష్యం చెప్పాలె. చెయ్యి ఎట్ల విరిగిందో దవాఖాన కాయిదాలు తీసుకోవాలె. కారును బ్రేకు ఇన్‌స్పెక్టర్‌తోని చూపియ్యమని అడగాలె. కారుకు బీమా ఉంటది, నష్టపరిహారానికి కోర్టుల దావా ఎయ్యొచ్చు. అది సేటు దయ కాదు, కొండల్ అంకుల్ హక్కు."

"పదహారు దినాలైంది గద బిడ్డా?"

"అయితే ఆలస్యం ఎందుకైందో రాయాలె."

తెల్ల కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. ఆలస్యానికి కారణం నేనే. అక్కడ నా పేరే రాశాను.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు కోత. సాంచాలు ఆగాయి. ఒకరి మాటలు ఒకరికి వినపడ్డాయి. కార్ఖానా వాకిట్లో కాగితం చదివి వినిపించాను.

పరశురాములు లేచాడు. "కేసు పెడితే సేటు తాళం ఏస్తడు. పొల్లగాండ్లకు ఏం పెట్టాలె?"

"పెట్టకుంటే ఏం జేస్తడు?" హనుమండ్లు అరిచాడు. "రేపు నన్ను గుద్దుతడు. అప్పుడు సుత జారి పడ్డడనే రాయిస్తవా, దాసన్నా?"

"సేటు నన్ను భయపెట్టలే," అన్నాను. "పెద్దమనిషివన్నడు, గంతే. గా ఒక్క మాటకే కొండల్‌ను అమ్ముకున్న. మీరు తిట్టుండ్రి, పడ్త. కని ఠాణాకు రాండ్రి."

తిట్టారు, గట్టిగానే తిట్టారు. తెల్లారి ఎనిమిదింటికి ముప్పై మంది సైకిళ్లు నడిపించుకుంటూ వచ్చారు. పరశురాములు రాలేదు. సత్తార్ ఆ వంకర సైకిల్‌ను చక్రం తిరగకుండా భుజాన మోశాడు. ముందు కొండల్, పక్కన సత్తమ్మ.

ఎస్సై చీటీ చూసి కాగితం వెనక్కి నెట్టాడు. "జారి పడ్డాడని ఇందులోనే ఉంది కదా. ఎవరు చెప్పారు?"

"నేనే సార్. అబద్ధం చెప్పిన."

"అబద్ధం చెప్పినందుకు నీ మీదే కేసు పెడతా, తెలుసా?"

"పెట్టుండ్రి. ముందుగాల గది రాసుకొని, తర్వాత కారు నంబర్ రాసుకోండ్రి."

నన్ను లోపలి బెంచీ మీద కూర్చోబెట్టారు. హనుమండ్లు గడప దాటి వచ్చాడు. "హ్యాండిల్ సాపు చేసింది నేను. నన్ను సుత కూసోబెట్టుండ్రి." చైన్ ఎక్కించినవాడు వచ్చాడు. చూసి మాట్లాడకుండా పోయినవాళ్లు ఏడుగురు వచ్చారు. బెంచీ నిండి, నేల మీద కూర్చున్నాం. కాసేపటికి గుంపును తోసుకుంటూ పరశురాములు వచ్చి, తల వంచుకొని, "నెత్తురు కడిగిన సార్," అన్నాడు. ఏడ్చాడు.

సేటు ఫోన్లు చేయించాడు, తర్వాత తానే వచ్చాడు. "దాసూ, బయట మాట్లాడుకుందాం రా," అన్నాడు. "గీడనే మాట్లాడు సేటు," అంది సత్తమ్మ. కార్ఖానాలన్నీ ఆగి, మా వాడంతా ఠాణా ముందు నిలబడింది. సాయంత్రం ఎఫ్ఐఆర్ కాగితం సత్తమ్మ చేతికొచ్చింది.

మర్నాడే కార్ఖానాకు తాళం పడింది. మేం బైపాస్ పక్కన, ఆ తాళం ముందే టెంటు వేసి కూర్చున్నాం. కొండల్ నా ఎదురుగా కూర్చుంటాడు. ఇంకా మాట్లాడడు. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు.

పదకొండో రోజు పొద్దున, టెంటుకు వస్తున్న హనుమండ్లును ఇసుక లారీ రాసుకుంటూ పోయి కింద పడేసింది. మేమంతా ఉరికాం. హనుమండ్లు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "ఏం గా..."

"సైకిల్‌ను లేపకుండ్రి! అట్లనే ఉండనీ!" సత్తమ్మ కేక వేసింది.

పరశురాములు నంబర్ ఫోటో తీశాడు. ఒకరు నూటెనిమిదికి ఫోన్ చేశారు. కొండల్ కట్టుకట్టిన చెయ్యి పైకెత్తి, ఆగి మళ్లీ కదలబోతున్న లారీకి అడ్డంగా నిలబడ్డాడు. హనుమండ్లు మమ్మల్నందరినీ చూశాడు. రోడ్డు మీద పడుకునే గట్టిగా అరిచాడు.

"అయింది! కాలు ఇరిగింది! లారోడు గుద్దిండు! రాసుకోండ్రి!"

నా చేతులు సైకిల్ వైపు వాటంతటవే సాగాయి. వాటిని వెనక్కి కట్టుకొని నిలబడ్డాను.

"దాసన్నా," అన్నాడు కొండల్, లారీ మీది నుంచి చూపు తిప్పకుండానే. "ఈసారి నువ్వే చెప్పు, ఏం చూసినవో."